పాత వ్యాన్‌లో మోత తగ్గించాలంటే: ఉప్పుగాలి ఊళ్లో ఏ షీటు, ఎక్కడ, ఎంత?

విశాఖ నుంచి బయల్దేరి ఎస్.కోట దాటి అరకు ఘాట్ మొదలైందంటే మా వ్యాన్‌లో మాటలు ఆగిపోయేవి. టైడా దగ్గర ఆపమని మా ఆవిడ మూడుసార్లు చెప్పిందట. నాకు వినబడేసరికి అనంతగిరి వచ్చేసింది.

బండి 2008 మోడల్ టెంపో ట్రావెలర్. వెనక సీట్లు తీయించి రెండు మంచాలు, ఒక చిన్న వంట గట్టు పెట్టుకున్నాం. ఈ బండ్లలో ఇంజన్ సగం ముందు సీట్ల మధ్యకే చొచ్చుకొచ్చి ఉంటుంది, పైన ఒక కవర్ బోర్లించి ఉంటుంది. దానికితోడు వెనకంతా ఖాళీ రేకు డబ్బా. మోత తగ్గించే దారి చెప్పమని అడిగితే ఒకరు బ్యూటైల్ రబ్బరు షీటు అన్నారు, ఒకరు తారు షీటు చాలన్నారు, ఇంకొకరు ఏసీ డక్టులకి చుట్టే నల్ల ఫోమ్ వేయమన్నారు. సీటు కుట్టే అతను ఫెల్ట్ (నార నొక్కి చేసిన మందపాటి గుడ్డ) వేసి రెక్సిన్ కొట్టేస్తానన్నాడు. రెండేళ్లలో వీటిలో చాలావరకు మా బండి మీద ప్రయోగించాను. ఒకటి వేసి పీకేశాను కూడా. ఏది ఎవరికి నప్పుతుందో చెప్పగలననే ధైర్యం అలా వచ్చింది.

ముందు చప్పుడుకి పేరు పెట్టండి

చప్పుళ్లకి మనకి పేర్లు బోలెడు. బండిలో వినబడేదాన్ని ఏమంటారో తేల్చుకుంటే సగం ఎంపిక అక్కడే అయిపోతుంది.

గడగడ: ఏదో వదులైంది. డోర్ లాక్, సీటు బోల్టు, జాకీ, స్టవ్ మీద పళ్లెం. దీనికి షీటు అక్కర్లేదు, స్పానర్ చాలు. మా బండిలో నెలరోజులు వేధించిన గడగడ చివరికి కుక్కర్ మూతది.

మోత: ఒక వేగం దగ్గరకి రాగానే బండంతా గుంయ్ మంటుంది, ఆ వేగం దాటగానే తగ్గుతుంది. అది రేకు ఊగడం వల్ల వచ్చేది. రూఫ్ మీద వాన పడ్డప్పుడు వచ్చే దడదడ కూడా ఈ కోవలోదే. రేకుకి ఏదైనా అంటించి ఊపు చంపాలి.

రొద: ఇంజనుది, టైర్లది. గాలిలోంచి, కన్నాల్లోంచి లోపలికి వస్తుంది. కన్నం మూయాలి, ఆపైన బరువైనది ఏదైనా అడ్డం పెట్టాలి.

హోరు: గాలి. 70 దాటితే మొదలవుతుంది. డోర్ల, అద్దాల రబ్బరు బీడింగ్ పని.

పరీక్ష ఇలా చేయండి. పొద్దున్నే ఆనందపురం నుంచి భీమిలి వైపు, ట్రాఫిక్ లేనప్పుడు, బండి వేరేవాళ్లకిచ్చి మీరు వెనక కూర్చోండి. మోత మొదలవగానే ఒక్కో రేకు మీద అరచేయి గట్టిగా అదిమి చూడండి. అదమగానే మోత మారితే అక్కడ చాక్‌పీసుతో గీత పెట్టండి. షీటు అక్కడ పడాలి. ఎంత అదిమినా మారకపోతే ఆ చోట డబ్బు పెట్టొద్దు. మా రూఫ్ మీద ఐదు గీతలు పడ్డాయి. పక్క రేకులకి వెనక చక్రాల పైభాగంలో తప్ప ఎక్కడా గీత పడలేదు. బండంతా అంటించేద్దామని అప్పటికే లెక్కలేసుకుని ఉన్నాను.

ఇంకో మాట. రొద ఈమధ్యే పెరిగిందా? అయితే ముందు మెకానిక్కుకి చూపించండి. సైలెన్సర్ లీకయినా, ఇంజన్ మౌంటింగ్ రబ్బర్లు అరిగినా ఏ షీటూ ఏమీ చేయలేదు. పడుకునే బండిలో సైలెన్సర్ లీకు చెవికంటే ప్రాణానికి ప్రమాదం. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

ఈ ఊళ్లో కొలమానాలు వేరు

చలిదేశాల వాళ్ల వీడియోలు చూసి సరుకు కొంటే ఇక్కడ దెబ్బతింటాం. వాళ్లకి మొదటి సమస్య చలి, మనకి తడి. సముద్రపు గాలి, ఉప్పు, ఏడాదిలో చాలా రోజులు ఒళ్లు జిడ్డు వదలని తేమ. మా బండి పాత లైనింగ్ విప్పిన రోజు చూసింది చెప్తాను. ట్రావెల్స్ వాళ్లు ఎప్పుడో వేయించిన జనపనార ఫెల్ట్ పైకి పొడిగానే ఉంది. చెయ్యి వెనక్కి పెడితే చల్లగా, తడిగుడ్డలా తగిలింది. లాగాను. ఫెల్ట్‌తోపాటు తుప్పు కూడా పొరలు పొరలుగా ఊడొచ్చింది. ఒకచోట బొటనవేలు నొక్కితే అవతల వెలుగు కనబడింది. టింకరింగ్ మేస్త్రీ చూసి, "దుప్పటి తడిపి కప్పినట్టే కదేటి బాబూ, ఎందుకుంటాది రేకు" అన్నాడు.

కాబట్టి నా వరస ఇది. మొదట తడి: సరుకు నీళ్లు పీలుస్తుందా? రెండు, వేడి: మే నెల మధ్యాహ్నం రూఫ్ రేకు మీద చెయ్యి పెట్టలేం, ఆ వేడికి జిగురు నిలవాలి. మూడు, బరువు. నాలుగు, మంట: లోపల గ్యాస్ స్టవ్ ఉంటే ఇది రెండో స్థానంలోకి రావాలి. తర్వాత ధర. చప్పుడు ఎంత తగ్గిస్తుందన్నది ఈ గేట్లు దాటిన సరుకు విషయంలోనే అడగాల్సిన ప్రశ్న.

| సరుకు | దేనికి | తడి | ఎండ | బరువు | ఖర్చు |
|---|---|---|---|---|---|
| రబ్బరు బీడింగ్, కన్నాలు మూయడం | హోరు, రొద | బాగు | బాగు | లేనట్టే | బాగా తక్కువ |
| బ్యూటైల్ షీటు | మోత, వాన దడదడ | పీల్చదు | తట్టుకుంటుంది | ఎక్కువ | ఎక్కువ |
| తారు షీటు | మోత | పీల్చదు | మెత్తబడుతుంది | ఎక్కువ | తక్కువ |
| నైట్రైల్ ఫోమ్ (ఏసీ డక్టుల నల్ల ఫోమ్) | వేడి, లైనింగ్ కిర్రు | పీల్చదు | తట్టుకుంటుంది | తేలిక | మధ్యస్థం |
| బరువైన వినైల్ లేదా రబ్బరు మ్యాట్ | రొద | పీల్చదు, అడుగున నీరు నిలవొచ్చు | పరవాలేదు, వాసన | చాలా ఎక్కువ | ఎక్కువ |
| ఫెల్ట్, కొబ్బరి పీచు, పాత కార్పెట్ | లోపలి ప్రతిధ్వని | పీలుస్తుంది | బాగు | తేలిక | తక్కువ |

బీడింగ్, కన్నాలు: ఎవరూ చెప్పని పని

అమ్మేవాడికి ఇందులో లాభం లేదు కాబట్టి ఎవరూ చెప్పరు. గోడలో నూటికి ఒక వంతు కన్నం ఉంటే, మిగతా 99 వంతుల్ని ఎంత మందంగా కట్టినా ఆ గోడ 20 డెసిబెల్స్ (చప్పుడు కొలిచే లెక్క) మించి ఆపలేదు. పాత వ్యాన్‌లో అలాంటి కన్నాలు ఎన్నో. గేరు రాడ్ దగ్గర చిరిగిన రబ్బరు, పెడల్స్ వెనక వైర్లు దూరిన రంధ్రాలు, ఏసీ పీకేశాక వదిలేసిన పైపు కన్నం.

అన్నిటికంటే ముఖ్యం ఇంజన్ కవర్ అంచు. మా బండిలో దాని అడుగు రబ్బరు అప్పడంలా అణిగిపోయి ఉంది. రాత్రిపూట కవర్ కింద టార్చి పెట్టి చూస్తే చుట్టూ వెలుగు గీత. గజుల్లెక్కన అమ్మే బోలు రబ్బరు బీడింగ్ తెచ్చి చుట్టూ వేసి, వదులైన క్లిప్పులు బిగించాను. ఆరోజు సాయంత్రం ఫోన్‌లో మీటర్ పెట్టి అదే రోడ్డు మీద అదే గేరులో చూస్తే మూడు నాలుగు డెసిబెల్స్ తగ్గింది. ఫోన్ మీటర్ చూపే అంకె నమ్మదగ్గది కాదు, ముందుకీ తర్వాతకీ తేడా చూసుకోవడానికి పనికొస్తుందంతే. ఖర్చు వెయ్యి రూపాయలు కూడా కాలేదు. ఆ తర్వాత వేసిన ఏ షీటూ అంత తేడా ఇవ్వలేదు.

డోర్లకి కాగితం పరీక్ష ఉంది. పేపరు ముక్క పెట్టి డోర్ వేయండి. లాగితే సులువుగా జారి వస్తే అక్కడ బీడింగ్ పోయినట్టే. ఉత్సాహంలో డోర్ల అడుగునా, ఫుట్‌బోర్డు కిందా ఉండే నీళ్లు పోయే కన్నాలు మాత్రం మూయొద్దు. అవి మూస్తే వాననీరు డోర్ లోపలే నిలిచి ఏడాదిలో అడుగు ఊడిపోతుంది.

బ్యూటైల్, తారు: అసలు పోటీ వీటి మధ్యే

రెండూ చేసే పని ఒకటే. రేకుకి అంటుకుని దాని ఊపుని పీల్చేస్తాయి. వేళ్ల కణుపులతో ఖాళీ రేకు కొడితే టంగుమంటుంది. షీటు వేశాక కొడితే, కొబ్బరికాయని నేలమీద పెట్టినట్టు డబ్ మంటుంది. బ్యూటైల్ షీటు పైన అల్యూమినియం రేకు ఉంటుంది. అది అలంకారం కాదు. కిందా పైనా రెండు గట్టి పొరల మధ్య జిగురు సాగి నలగడం వల్లే ఊపు చస్తుంది. రేకు మందంగా ఉన్నదే కొనండి.

తారు షీటు అంటే నేను వాడింది డాబాల మీద లీకులకి వేసే తారు టేపు. హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది, పైకి చూస్తే అచ్చం బ్యూటైల్‌లాగే ఉంటుంది. నేను కొన్నప్పుడు బ్యూటైల్ చదరపు అడుగు వంద రూపాయలకి అటూ ఇటూ ఉంటే, ఇది అందులో మూడో వంతు. తెలివైన పని చేశాననుకున్నాను. జనవరిలో రూఫ్‌కి వేశాను, మోత నిజంగానే తగ్గింది. మే నెల ఒక మధ్యాహ్నం బండి ఎండలో పెట్టి, సాయంత్రం తలుపు తీస్తే కొత్తగా తారు వేసిన రోడ్డు వాసన. రూఫ్ లైనింగ్ అతుకులోంచి నల్లటి చుక్క ఒకటి సాగి, పై మంచం మీద దుప్పటి దాకా వచ్చి ఉంది. ఆ దుప్పటి మా అత్తగారు ఇచ్చింది. దాని గురించి ఇప్పటికీ మాట్లాడుకోం.

పీకడం ఇంకో కథ. వేడిలో జిగురులా సాగుతుంది, చల్లారితే గీకాలి. రెండు ఆదివారాలు పోయాయి.

అంటే తారు పనికిరాదని కాదు. నేల మీద, చక్రాల గూళ్ల పైన, ఎండ నేరుగా తగలనిచోట వేసింది మా బండిలో ఇప్పటికీ చక్కగా ఉంది. రూఫ్‌కి, ఎండవైపు పక్క రేకులకి, ఇంజన్ కవర్‌కి మాత్రం వద్దు. తారు సరుకునే బ్యూటైల్ పేరుతో అంటగట్టేవాళ్లు ఉన్నారు కాబట్టి కొనేముందు ఒక ముక్క అడగండి. బ్యూటైల్ లాగితే చూయింగ్ గమ్‌లా సాగుతుంది, వాసన పెద్దగా ఉండదు. తారు పుటుక్కున తెగుతుంది, ముక్కు దగ్గర పెడితేనే తెలిసిపోతుంది.

ఎంత వేయాలి? బండంతా కాదు. పెద్ద చదును రేకు మధ్యలో, దాని వైశాల్యంలో పావు నుంచి మూడో వంతు వరకు చాలు. మా బండిలో రూఫ్, పక్కలు, డోర్లు, నేల కలిపి సుమారు 250 చదరపు అడుగులు. అంతా 2 మిల్లీమీటర్ల బ్యూటైల్ వేస్తే, నేను కొన్న ధరకి, పాతిక వేలు, 75 కిలోలు. మూడో వంతు వేస్తే ఎనిమిది వేలు, పాతిక కిలోలు. ఆ మిగతా యాభై కిలోలు ఘాట్ మీద రెండో గేరులో ఇంజనే మోయాలి, మళ్లీ రొద పెడుతూ.

అంటించేముందు తుప్పు బ్రష్షుతో గీకి, రెడాక్సైడ్ (తుప్పు పట్టకుండా వేసే ప్రైమర్) కొట్టి, పూర్తిగా ఆరనివ్వాలి. తుప్పు మీద అంటిస్తే షీటుతో సహా ఊడుతుంది. ఊడకపోతే ఇంకా ప్రమాదం, లోపల తినేస్తున్నది కనబడదు. ఈ పని జనవరి, ఫిబ్రవరిల్లో పెట్టుకోండి. అక్టోబరు తుపాన్ల మధ్యలో పెట్టుకుంటే రెడాక్సైడ్ ఆరదు.

నల్ల ఫోమ్: చప్పుడుకి కాదు, అయినా వేయండి

ఏసీ డక్టులకి చుట్టే నైట్రైల్ రబ్బరు ఫోమ్ గురించి ఒక భ్రమ ఉంది. మెత్తగా ఉంది కాబట్టి చప్పుడు మింగేస్తుందని. గాలిలో వచ్చే చప్పుడుని ఆపేది బరువు. అడ్డం పెట్టినదాని బరువు రెట్టింపయితే లెక్క ప్రకారం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. తేలికపాటి ఫోమ్‌తో ఇంజన్ రొద ఆగదు.

అయినా ఈ ఊళ్లో రూఫ్‌కి నా మొదటి ఓటు దీనికే, బ్యూటైల్ ముక్కల పైన రెండో పొరగా. దీని గదులు మూసుకుని ఉంటాయి, నీళ్లు పీల్చవు. ఎండ వేడి లోపలికి రానివ్వదు. లంబసింగి చలిలో నలుగురు పడుకుంటే ఊపిరి తేమ చల్లటి రేకుకి తగిలి చుక్కలు కడుతుంది. మధ్యలో ఈ ఫోమ్ సందు లేకుండా అంటితే ఆ తేమ రేకుని చేరదు. ప్లైవుడ్ లైనింగ్ రేకుకి రాసుకుని కిర్రుమనడం కూడా ఆగుతుంది. 13 మిల్లీమీటర్లది చాలు, 19ది వేస్తే లైనింగ్ బిగించడం కష్టమైంది. ధర బ్యూటైల్‌లో సగం లోపే పడింది. సొంత జిగురు ఉన్నదానికంటే మామూలుది తెచ్చి ఎస్‌ఆర్ గమ్‌తో (రబ్బరు జిగురు) అంటిస్తే రూఫ్ మీద బాగా నిలిచింది. గమ్ పూసేటప్పుడు డోర్లన్నీ తీసి ఉంచండి, దగ్గర్లో అగ్గి వద్దు.

ఏ ఫోమయినా సరే, ఒక ముక్క కోసి బయట పటకారుతో పట్టుకుని లైటర్ చూపించండి. మంట తీయగానే ఆరిపోతే తెచ్చుకోండి. చుక్కలుగా కారుతూ మండుతూనే ఉంటే పడుకునే బండిలోకి వద్దు. సీట్లలో వాడే మామూలు స్పాంజి ఈ పరీక్షలో పోతుంది, పైగా నీళ్లూ తాగుతుంది.

ఇంజన్ కవర్ లోపలివైపు సంగతి వేరు. అక్కడ వేడికి జిగురు మీద నమ్మకం పెట్టుకోకూడదు. పైన అల్యూమినియం రేకు ఉన్న గ్లాస్‌వూల్ (గాజు పీచు) పలక తెచ్చి, అంచులు మూసి, వాషర్లతో స్క్రూలు బిగించాలి.

బరువు మ్యాట్, ఫెల్ట్, ఇంకా కోడిగుడ్ల ట్రేలు

బరువైన వినైల్ చదరపు అడుగు దాదాపు అర కిలో ఉంటుంది. రొదని నిజంగా ఆపేది ఇదే, కానీ నేలంతా పరిచేంత డబ్బూ బరువూ మనకొద్దు. డ్రైవరు కాళ్ల దగ్గర నుంచి ఇంజన్ కవర్ చుట్టూ, ఫోమ్ పైన పరిస్తే చాలు. వినైల్ ఖరీదనిపిస్తే మందపాటి రబ్బరు మ్యాట్ వేయండి. కొత్తలో వాసన వస్తుంది, వారం ఎండలో పడేస్తే తగ్గుతుంది. ఏదైనా అంటించకుండా పరచండి. వానాకాలంలో ఎత్తి కింద తుడుచుకోవచ్చు.

ఫెల్ట్, కొబ్బరి పీచు రేకుకి అంటించడం గురించి పైన చెప్పిన తుప్పు కథ చాలు. కొబ్బరి పీచు పలకని మంచం పరుపు కింద వాడండి, గాలాడుతుంది. థర్మోకోల్ కిర్రుమంటుంది, మండుతుంది. డబ్బాలోంచి చిమ్మే ఫోమ్ సందుల్లోకి దూరి నీళ్లదారులు మూసేస్తుంది, మళ్లీ తీయలేం. కోడిగుడ్ల ట్రేలు గుడ్లకే.

మీ బండి, మీ అవసరం

అరకు, పాడేరు వైపు ఎక్కువ తిరిగేవాళ్లు, అంటే ఘాట్ మీద ఇంజన్ రొదే ప్రధాన బాధ అయినవాళ్లు, రూఫ్ జోలికి ఇప్పుడే పోవద్దు. ఇంజన్ కవర్ బీడింగ్, లోపల గ్లాస్‌వూల్, కాళ్ల దగ్గర ఫోమ్, మ్యాట్. ఐదారు వేలలో అయిపోయింది నాకు, సొంత చేతిపని కాబట్టి.

రుషికొండ, భీమిలి దగ్గర పెట్టుకుని పడుకునేవాళ్లకి ఇంజన్ ఆగే ఉంటుంది. వాళ్లకి వాన దడదడ, పొద్దున్న ఆరున్నరకే మొదలయ్యే ఎండ. అందుకే రూఫ్‌కి బ్యూటైల్ ముక్కలు, పైన నల్ల ఫోమ్. అద్దాలకి ఏ షీటూ వేయలేం కాబట్టి కుక్కల అరుపులు, లారీల హారన్లు అక్కడి నుంచే వస్తాయి. మిగిలిన ఫోమ్‌ని అద్దం ఆకారానికి ఒక వేలెడు ఎక్కువగా కోసి రాత్రి నొక్కి పెట్టుకోండి. కానీ ఒక కిటికీకి దోమతెర వేసి కాస్త తెరిచే ఉంచండి. కన్నాలన్నీ మూసిన బండిలో గాలాడదు. నిద్రపోతూ ఇంజన్ ఆన్‌లో ఉంచడం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

ఓమ్ని, ఈకో ఉన్నవాళ్లకి ఇంజన్ ముందు సీట్ల కిందే. సీటు ఎత్తితే కనబడే మూత అంచు రబ్బరు మార్చండి, అక్కడే సగం పని. ఓమ్ని ఇంజన్ 796 సీసీ, దాని మీద బరువు మ్యాట్లు మోపితే ఎక్కడం మానేస్తుంది. రూఫ్ చిన్నది కాబట్టి బ్యూటైల్ పది పదిహేను చదరపు అడుగులతో సరిపోతుంది. తారుతో మిగిలేది వెయ్యి లోపే, ఆ మాత్రానికి దుప్పట్లు పాడుచేసుకోకండి.

రెండేళ్లలో బండి అమ్మేద్దామనుకునేవాళ్లు ఏదీ అంటించొద్దు. కొనేవాడు షీటు కింద తుప్పు దాచావా అని అడుగుతాడు, తీసి చూపించడం అయ్యే పని కాదు. బీడింగ్, పరిచే మ్యాట్, మందపాటి కర్టెన్లతో ఆపేయండి.

పని మొత్తం అయ్యాక, లైనింగ్ స్క్రూలు పూర్తిగా బిగించకముందే, రూఫ్ మీద రెండు బకెట్ల నీళ్లు పోయించండి. మీరు లోపల టార్చి పట్టుకుని కూర్చోండి, ఇంట్లోవాళ్లని బయట ఒక్కో డోర్ అడుగున చూడమనండి. బయట అడుగు కన్నంలోంచి నీళ్లు ధారగా పడుతూ, లోపల ఎక్కడా చెమ్మ లేకపోతే స్క్రూలు బిగించేయొచ్చు. మాకు మొదటిసారి వెనక ఎడమ డోర్ నుంచి ఒక్క చుక్కా పడలేదు. నేనే తారు టేపు ముక్క దానికి అడ్డంగా వేసేసి ఉన్నాను.